పచ్చి సున్నం

లొఖ్లిన్ దొరకు బురుజు కావలసి వచ్చింది శత్రువుల భయంతో కాదు. సరస్సు అవతలి ఒడ్డున అతని చిన్నాన్న కొడుకు షీడా ఒకటి కట్టుకున్నాడు, అందుకు.

ఈ సంగతి గొర్మ్లాకు మొదటిరోజే తెలుసు. ఆ రోజుల్లో ఐర్లండు పడమటి సున్నపురాతి నేలల్లో నాలుగు మందల ఆవులున్న ప్రతివాడికీ రాతి బురుజు పిచ్చి పట్టుకుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ పిచ్చి మీదే ఆమె బతుకుతోంది. రాళ్లతో కమాను కప్పు వేయాలంటే కింద దానికో అచ్చు ఉండాలి. హేజెల్ చెట్ల పచ్చి బెత్తాలు కొట్టుకొచ్చి, తడికలుగా అల్లి, విల్లులా వంచి, కింద గుంజలు నిలబెడతారు. ఆ తడికల మీద సున్నం పోసి రాళ్లు పేరుస్తారు. సున్నం గట్టిపడ్డాక గుంజలు తీసేస్తారు. ఆ తడికలు అల్లేది గొర్మ్లా. భర్త మేస్త్రీగా ఉన్నన్నాళ్లూ అతనితో తిరిగింది. అతను ఒక గోడ మీంచి పడి చచ్చిపోయాక, అతని తమ్ముడు ఫెర్గల్ మేస్త్రీ అయితే అతనితో తిరుగుతోంది. బురుజులు కట్టించుకున్న దొరల్ని పదకొండు మందిని చూసింది. పదకొండు మందిలో ఒక్కడికీ తన ఇల్లు ఎలా నిలబడుతుందో తెలియదు.

లొఖ్లిన్ పన్నెండోవాడు.

అతను చేసిన మొదటి పని, వీణ వాయించేవాడి వేషంలో ఒక మనిషిని షీడా ఇంటికి పంపడం. ఆ మనిషి మూడు రోజులు తిని, తాగి, తిరిగొచ్చి, "డెబ్బై ఒక్క మెట్లు దొరా" అన్నాడు.

"అయితే మనకి డెబ్బై రెండు" అన్నాడు లొఖ్లిన్.

ఫెర్గల్ తలూపాడు. అతను దేనికైనా తలూపుతాడు. సాయంత్రం నెగడు దగ్గర ఓట్స్ రొట్టె మీద వెన్న రాసుకుంటూ, "రాయి సరిపోదు వదినా. అంత ఎత్తు లేవదు" అన్నాడు.

"ఎత్తెవరడిగారు? మెట్లడిగాడు. మెట్టు తగ్గించి వెయ్యి."

అలాగే వేశాడు. కారిగ్‌బోయ్ అని పేరు పెట్టిన ఆ బురుజుకి డెబ్బై రెండు మెట్లు వచ్చాయి. బురుజు మాత్రం షీడా బురుజు కంటే మూరెడు పొట్టిగా వచ్చింది. అది కొలిచే తెలివి లొఖ్లిన్‌కి లేదని గొర్మ్లాకు ధైర్యం.

గోడలు లేస్తున్న రెండేళ్లూ అతను రోజూ వచ్చేవాడు. మెలి తిరుగుతూ పైకి పోయే మెట్లలో, పరాయివాడు పరుగెత్తితే బోర్లా పడేట్టు ఒక మెట్టు కావాలనే జానెడు ఎక్కువ ఎత్తు పెడతారు. అది ఎక్కడుందో ఇంటివాళ్లు గుర్తుంచుకుంటారు. లొఖ్లిన్ దానికి తట్టుకుని వారానికి రెండుసార్లు పడేవాడు. పడ్డప్పుడల్లా, "భలే పెట్టావోయ్!" అని ఫెర్గల్‌ని మెచ్చుకునేవాడు. ద్వారం లోపల నిలబడ్డ శత్రువు నెత్తిన రాళ్లు వెయ్యడానికి పైగది నేలలో ఒక కన్నం ఉంటుంది. అది పూర్తయిన రోజు నుంచి అతనికి వేరే పని లేకుండా పోయింది. కింద గొర్రె పుర్రెలు వరసగా పెట్టించి, పై నుంచి రాళ్లు వేసి పగలగొట్టేవాడు. ఎవరు చూడ్డానికొచ్చినా వాళ్ల ముందు అదే ఆట. ఏటి గులకరాళ్లు రెండు బండ్లు తోలించి ఆ గదిలో పోస్తే, నెల తిరక్కుండానే అన్నీ ఐపోయాయి.

"మా దొర చేతి గురి చూశావా?" అన్నాడొక సేవకుడు గొర్మ్లాతో.

"చూశాను. ఒక్క గొర్రె కూడా తప్పించుకోలేదు" అందామె.

రెండో అంతస్తు మీద కమాను కప్పు సెప్టెంబరు చివర్లో మూసుకుంది. ఆ ఒక్క కప్పే రాతిది. పైనున్న విందుసాల, దొర పడకగది, అన్నిటి బరువూ దాని మీదే. ఆఖరి రాయి పడ్డాక పన్నెండు రోజులు ఒక్క తెరపి లేకుండా వాన కురిసింది. పదమూడో రోజు లొఖ్లిన్ వచ్చి, గది నిండా అడవిలా నిలబడ్డ గుంజల్ని చూసి మొహం చిట్లించాడు.

"ఈ కర్రలన్నీ పీకించు. నెలాఖరున సావిన్ పండుగకి షీడా వస్తున్నాడు. విందు ఈ గదిలోనే."

ఫెర్గల్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "సున్నం ఇంకా పచ్చిగా ఉంది దొరా."

"పన్నెండు రోజులైంది కదా!"

"పన్నెండు రోజులూ వానే కదండీ. చలికాలం పోనిస్తే..."

"చలికాలం పోయేదాకా నా అతిథులు కర్రల మధ్య దూరి తినాలా?"

ఫెర్గల్ తల మళ్లీ ఊగబోతోందని గొర్మ్లాకు అర్థమైంది. బెత్తాలు చీలే కత్తి కింద పెట్టి లేచింది.

"పీకేద్దాం దొరా, దానికేం. మీ కుర్చీ తెప్పించి సరిగ్గా నడిమధ్యన వేయించండి. మీరు కూర్చోగానే మొదటి గుంజ నేనే తీస్తాను."

చుట్టూ ఉన్న కూలీలు నేల చూపులు చూశారు. లొఖ్లిన్ మెడ దాకా ఎర్రబడ్డాడు.

"బుట్టలల్లుకునేదానివి, నేనెవరో తెలిసే మాట్లాడుతున్నావా?"

"నాకు తెలుసు దొరా. సున్నానికే తెలీదు."

అతను తలెత్తి ఆ కప్పు కేసి చూశాడు. తడికల సందుల్లోంచి ఒక తెల్లటి చుక్క ఊరి, అతని కుంకుమపువ్వు రంగు చొక్కా భుజం మీద పడింది. కుర్చీ తెమ్మని ఎవరికీ చెప్పలేదు. గిర్రున తిరిగి దిగిపోయాడు. దిగుతూ ఆ ఎత్తు మెట్టు దగ్గర తూలిన చప్పుడు అందరికీ వినిపించింది.

ఆ చిక్కు విడదీసింది అతని భార్య ఫినోలా. ఆ ఇంట్లో ఏ చిక్కు విడినా ఆమె వల్లే. మర్నాడు ఒక్కతే వచ్చి గుంజల మధ్య నిలబడింది.

"నిజంగా కూలుతుందా గొర్మ్లా?"

"కూలచ్చు, కూలకపోవచ్చు దొరసానీ. నేనైతే నా కుక్కని కూడా దీని కింద కట్టెయ్యను."

"అయితే విందు పైసాలలో పెట్టిస్తాను. ఈ గదికి తాళం వేసేద్దాం. అటు పోతూ ఎవరైనా అడిగితే, పని కాలేదని చెప్తే సరి."

గొర్మ్లా ఆమెను ఎగాదిగా చూసింది. ఇంత సులువైన మాట ఆ ఇంట్లో రెండేళ్లలో ఎవరి నోటా రాలేదు.

పండుగ రోజున షీడా పాతికమందితో పడవల్లో వచ్చాడు. అన్న కంటే నాలుగేళ్లు చిన్న, నాలుగు వేళ్లు పొడుగు. తన మీసాలు చూసుకోవడానికే సరస్సు అద్దంలా ఉందన్నట్టు ఒడ్డున రెండుసార్లు ఆగి వంగాడు. మెట్లెక్కుతూ తాళం వేసిన తలుపు దగ్గర నిలబడ్డాడు. గొర్మ్లా పనివాళ్లతో పాటు మెట్ల మలుపులో గోడకి అంటుకుని ఉంది.

"ఇందులో ఏముంది అన్నయ్యా?"

పని కాలేదు అనాలి. రెండే మాటలు. లొఖ్లిన్ నోట అవి రాలేదు. తమ్ముడి భుజం మీద చెయ్యేసి కన్ను గీటాడు.

"మా నాన్న దాచిన వెండంతా ఇందులోనే ఉందోయ్. రాతి కప్పు ఊరికే వేయించానా?"

షీడా ఆ తలుపు కేసి మరోసారి చూశాడు. ఇక ఆ సాయంత్రం అతను తిన్న మాంసం ఏమిటో, తాగిన తేనెసారా ఏమిటో అతనికే తెలియదని గొర్మ్లా అనుకుంది. ఫినోలా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వెండి ఏదిరా మరిదీ? వాళ్ల నాన్న చచ్చేనాటికి ఒక చెంచా కూడా లేదని ఊరంతా ఎరుగును" అంది గొర్మ్లా ఆ తరవాత.

"పెద్దవాళ్ల మాటలు వదినా, మనకెందుకు?" అన్నాడు ఫెర్గల్.

సరిగ్గా పది రోజులకి షీడా మళ్లీ వచ్చాడు. ఈసారి విందు పిలుపు లేకుండా.

ఆ రోజు పొద్దున్నే దొరగారి కొత్త మంచం వచ్చింది. ఓక్ చెక్కది. తలాపున సింహాలు చెక్కి ఉన్నాయి. సింహాన్ని ఎప్పుడూ చూడని వడ్రంగి చెక్కడంతో అవి బోదకాళ్లొచ్చిన దూడల్లా ఉన్నాయి. మంచం వెడల్పెంతో చెప్పింది దొర. మెట్ల వెడల్పెంతో అడగనిదీ దొరే. నలుగురు మనుషులు దాన్ని ద్వారంలోంచి లోపలికి తోసి, మొదటి మలుపు దగ్గర ఇరికించేశారు. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. తలుపు మూతపడదు. లొఖ్లిన్ పై కన్నంలోంచి తల పెట్టి, "ఏటవాలుగా! ఏటవాలుగా తిప్పండ్రా!" అని అరుస్తుండగా, దొడ్డిగోడ అవతల కుక్కలు మొరిగాయి.

ముప్ఫైమంది, గొడ్డళ్లతో. మంచం మోసేవాళ్లు మంచం వదిలి పారిపోయారు. లొఖ్లిన్ రాళ్ల కోసం చుట్టూ చూశాడు. ఒక్కటి లేదు. ఆ గది మూల ఉన్నది పగిలిన పుర్రె ఒకటి. దాన్నే వేశాడు. అది మంచం మీద పడి దొర్లింది. ఆ తరవాత అతను ఫినోలానీ పిల్లల్నీ ముందు తోసుకుంటూ పైసాలకి పరుగెత్తాడు. ఫెర్గల్ కూడా వాళ్ల వెంటే పోయాడు. పై తలుపు ధడాల్న మూసుకుంది. లోపల గడియ పడింది.

గొర్మ్లా కమాను గదిలో ఉంది. రోజూ ఆ వేళకి తాళం తీయించుకుని, గుంజల కింద చెక్కముక్కలు బిగుతుగా ఉన్నాయో లేదో తట్టి చూస్తుంది. పైకి పరుగెత్తినవాళ్లలో ఒక్కరూ ఆ గది ముందు ఆగి ఆమెను పిలవలేదు. మంచం మీంచి బూట్లు ఎక్కి దిగుతున్న చప్పుడు విని, చేతిలోని కొయ్యసుత్తి పట్టుకుని నిలబడింది.

షీడా ఎనిమిదిమందితో లోపలికొచ్చాడు. గుంజల్నీ తడికల్నీ చూసి నోరు తెరిచాడు.

"ఏదీ?"

"ఏది ఏదీ?" అంది గొర్మ్లా.

"వెండి!"

"మీ అన్నయ్య నాలిక మీద ఉండేది. అక్కడ చూసుకోకపోయారా?"

ఒకడు నవ్వబోయి మానేశాడు. షీడా గుంజల మధ్యన దూరి గోడలు తడిమాడు. అన్న తనని వెర్రివాణ్ణి చేశాడని నమ్మడం అతనికి కష్టంగా ఉంది. తానే అయ్యానని నమ్మడం ఇంకా కష్టంగా ఉంది.

"ఈ కర్రల వెనకే ఎక్కడో ఉంది. పీకండిరా వీటిని."

"పీకండి" అంది గొర్మ్లా. "సున్నం ఇంకా ఆరలేదు. పైన మీ అన్నయ్యా, వదినగారూ, ఐదుగురు పిల్లలూ ఉన్నారు. కింద మీరున్నారు. అందరికీ కలిపి ఒకే గొయ్యి, ఒకే పూజారి. ఖర్చు కలిసొస్తుంది."

షీడా మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదలలేదు. వాళ్లు కదలకపోవడమే అతనికి రోషం తెప్పించింది.

"ముసలిదాని మాటకి దడుచుకుంటార్రా!" అని పక్కనున్న గుంజని కాలితో తన్నాడు.

గుంజ అడుగున చెక్కముక్క ఎగిరిపోయింది. గుంజ పక్కకి ఒరిగింది. పైన తడిక ఒక మూల కిర్రుమంది. ఆ తరవాత, అంత రాయి లోపల ఎవరో మూలిగినట్టు, ఒక శబ్దం వచ్చింది. రొట్టె అంత రాయి ఒకటి, దాంతో పాటు దోసెడు తడి సున్నం, షీడా భుజం మీద పడ్డాయి.

అంతే. ఎనిమిదిమందీ ఒక్కసారి తలుపు మీద పడ్డారు. వెనక మెట్ల మీదున్నవాళ్లకి ఏం జరిగిందో తెలియదు. "కూలిపోతోంది!" అన్న కేక మాత్రం విన్నారు. ఒక మనిషి పట్టే మెట్లలో ముప్ఫైమంది కిందికి తోసుకున్నారు. ఎత్తు మెట్టు దగ్గర ముందువాడు పడితే వెనకవాళ్లు వాడి మీదుగా పోయారు. అందరూ కలిసి మంచం మీద కూలారు. ఎంతమంది నెట్టినా కదలని మంచం ఆ బరువుకి సింహాలతో సహా విరిగింది. షీడా ఎడమకాలు కూడా దాంతో పాటే విరిగింది. వాళ్లు అతన్ని గోనెమూటలా పడవలోకి ఈడ్చుకుపోయారు.

గొర్మ్లా పారిపోలేదు. ధైర్యంతో అని ఆమె తరవాత ఎప్పుడూ చెప్పుకోలేదు. ఒరుగుతున్న గుంజని చూడగానే కాళ్లు అటే పోయాయి. భుజం ఆనించి గుంజని నిలబెట్టింది. సుత్తి వదిలేసి, పాదంతో చెక్కముక్కని అడుగుకి తోసి మడమతో తన్నింది. రెండో దెబ్బకి గుంజ సర్దుకుంది. తడికల్ని మోసే దూలం దిగి గుంజ తల మీద కూర్చుంది. గుంజ తల పట్టుకున్న ఆమె కుడిచేతి రెండు వేళ్లు ఆ రెండింటి మధ్యా ఉండిపోయాయి.

మొదట నొప్పి తెలియలేదు. తెలిశాక, గట్టిగా కదిలితే గుంజ జారుతుందని కదల్లేదు. అరిస్తే ఎవరొస్తారు? అయినా రెండుసార్లు ఫెర్గల్‌ని పిలిచింది. పై తలుపు తెరుచుకోలేదు. చెంపలు తడిసిపోతున్నా, ఎడమచేత్తో దూలాన్ని పట్టుకుని, గుంజకి నుదురు ఆనించి నిలబడింది. మీద పడ్డ తెల్లటి సున్నం కళ్లలోకి కారుతోంది.

చాలాసేపటికి, బయట ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక, లొఖ్లిన్ కత్తి దూసి దిగొచ్చాడు. వెనకే ఆస్థాన కవి గిల్లా.

"పారిపోయారు!" అన్నాడు దొర. "నా కేక విన్నావా గొర్మ్లా? పైనుంచి ఒక్క కేక వేశాను. ముప్ఫైమంది! ముప్ఫైమంది పిల్లుల్లా..."

"దొరా," అంది గొర్మ్లా, "నా వేళ్లు."

"గిల్లా, నువ్వు విన్నావు కదా ఆ కేక?"

"సరస్సు అలలు వెనక్కి పోయాయి ప్రభూ."

ఫినోలా వాళ్లిద్దర్నీ పక్కకి నెట్టి లోపలికొచ్చింది. ఒక్క చూపు చూసి, "ఫెర్గల్!" అని అరిచిన అరుపుకి నిజంగానే అలలు వెనక్కి పోయి ఉండాలి. మేస్త్రీ పరుగున వచ్చి ఇంకో గుంజ ఆసరా పెట్టి, దూలం వెంట్రుకవాసి లేపాడు. ఫినోలా గొర్మ్లాని రెండు చేతులా పట్టుకుని నేల మీద కూర్చోబెట్టింది. తన తలగుడ్డ చింపి ఆ చేతికి చుట్టింది.

"నన్ను పిలిచావా వదినా?" అన్నాడు ఫెర్గల్ ఏడుస్తూ. "నాకు వినిపించలేదు."

"విన్నావు" అంది గొర్మ్లా. ఆ తరవాత వాళ్లిద్దరి మధ్యా ఆ మాట మళ్లీ రాలేదు.

నెల తిరిగేసరికి గిల్లా పద్యం పూర్తయింది. పైసాలలో బార్లీ బీరు పోస్తూ దాన్ని చదివించారు. నలభై రెండు చరణాలు. మొదటి పదీ లొఖ్లిన్ తాతముత్తాతలు. తరవాతి ఇరవై అతని సింహగర్జన. చివర్లో, శత్రువుల్ని ఉచ్చులోకి లాగడానికి ద్వారానికి అడ్డంగా తన రాజశయ్యనే త్యాగం చేసిన ఉపాయం. గుంజ ఊసు లేదు. తడిక ఊసు లేదు. సాల చివర, చేతికి కట్టుతో కూర్చున్న గొర్మ్లా మంచం చరణం దాకా బాగానే ఓర్చుకుంది. ఆ చరణానికి పకపకా నవ్వేసింది. వీణ ఆగిపోయింది. అందరూ దొర మొహం చూశారు.

లొఖ్లిన్ ఆమెను పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించి, "నీకు నా మందలోంచి చారల ఆవుని ఇస్తున్నాను. పాడి ఆవు. ఇక ఆ రోజు సంగతి..." అన్నాడు.

"అలాగే దొరా. ఆవు నాకిప్పించండి. పద్యం మీరుంచుకోండి."

"మరి బయట ఎవరితోనైనా..."

"ఎవరితో చెప్తాను? చెప్తే మాత్రం ఎవరు నమ్ముతారు? ఒక మనిషి ఇంత వెర్రివాడుంటాడంటే నేనే నమ్మను."

అతను దాన్ని పొగడ్తగా తీసుకున్నాడో ఏమో, తలూపాడు.

మే నెలలో గుంజలు తీశారు. లొఖ్లిన్‌కి ఆ రోజు అత్యవసరంగా వేట పని పడింది. ఫెర్గల్ చెమటలు కక్కుతూ ఒక్కొక్కటీ కొట్టి తీశాడు. కప్పు కదల్లేదు. తడికలు ఊడదీశాక వాటి అల్లిక, బెత్తం బెత్తం, ముడి ముడి, సున్నంలో అచ్చుపడి కనిపించింది. ఫినోలా మెడ వెనక్కి వాల్చి దాన్ని చాలాసేపు చూసింది. సున్నం పూసి చదును చెయ్యమంటారా అని ఫెర్గల్ అడిగితే వద్దంది. ఈస్టరుకే అన్నదమ్ములు రాజీపడ్డారు. కాలు వంకరగా అతుక్కున్న షీడా కర్ర పట్టుకుని వచ్చి, ఆ పద్యాన్ని శ్రద్ధగా విని, తన పేరు రెండుచోట్ల వచ్చినందుకు సంతోషించాడని విన్నప్పుడు, గొర్మ్లాకు నవ్వు కూడా రాలేదు.

ఆమె వేళ్లు రెండూ బిగుసుకుపోయాయి. కత్తి పట్టవు, బెత్తం వంచలేవు. వేసవిలో నది ఒడ్డున సన్యాసులు గుడి కట్టుకుంటుంటే, ఫెర్గల్ ఆమెను ఆవుతో సహా అక్కడికి తీసుకెళ్లాడు. తడికలు అల్లడానికి ముగ్గురు ఆడవాళ్లు కుదిరారు. గొర్మ్లా పని ఒక పీట మీద కూర్చుని వాళ్లని తిట్టడం. "అది తడికా, కాకిగూడా?" "బెత్తాన్ని వంచమన్నాను, బతిమాలమన్లేదు." రోజంతా అదే. రెండు వారాలకి ముగ్గురికీ పని వచ్చింది. ఎడమచేత్తో తనూ ఒక తడిక అల్లి చూసింది. బాగా రాలేదు. విప్పి పొయ్యిలో పెట్టింది.

గుడి కప్పు మూసిన రోజున సన్యాసుల పెద్ద, బట్టతల మనిషి, పీట దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఈ గుంజలు ఎన్నాళ్లుంచాలో మీరు చెప్తే అలా చేస్తాం."

ముప్ఫై ఏళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. గుడి కేసి ఒకసారి చూసింది.

"వచ్చే వసంతం దాకా ముట్టుకోవద్దు" అంది.

"అలాగేనమ్మా" అని తల వంచి వెళ్లిపోయాడు.

గొర్మ్లా అతను గోడ మలుపు తిరిగేదాకా అనుమానంగా చూసింది.

"వీడికి ఒంట్లో బాగాలేదేమోరా మరిదీ" అంది పక్కనున్న ఫెర్గల్‌తో. "కాస్త వేడిపాలు పట్టుకెళ్లి ఇచ్చిరా."